పన్నెండు చేతుల బుట్ట

ప్రేమావతి మూడోసారి కూడా వైరు కట్టతోనే ఇంటికొచ్చింది.

గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న శాంతయ్య, భార్య చేతిలోని సంచి వంక చూశాడు.

"ఇవాళ ఏం రంగు?"

"పసుపు" అంది ప్రేమావతి, చెప్పులు విడుస్తూ.

"మొన్న నీలం, నిన్న ఎరుపు. ఇంకో నాలుగుసార్లు డబ్బులడగడానికి వెళ్ళావంటే హరివిల్లు పూర్తవుద్ది."

"షాపులో జనం ఉన్నారండీ."

"నిన్న లేరన్నావుగా?"

"అదే మరి. ఎవరూ లేనప్పుడు అడిగితే, పనిగట్టుకుని అడగడానికే వచ్చినట్టుంటుందని..."

"పనిగట్టుకుని అడగడానికే కదా వెళ్ళింది!" శాంతయ్య చిక్కుడుకాయ పళ్ళెంలో పడేశాడు. "తిరువూరు డిపోలో జీవితమంతా కండక్టర్‌గా చేశాను. మామగారెక్కినా అడిగాను, డిపో మేనేజరు గారి బావమరిది ఎక్కినా అడిగాను, టికెట్టని. అడగడానికి సిగ్గుపడితే బస్సు పక్కూరు నెమలి దాకా కూడా పోదే."

బస్సులో టికెట్టడగడం వేరు, స్నేహితురాల్ని డబ్బులడగడం వేరు. ఆ మాట ఈ మనిషికి ఎలా చెప్పినా ఎక్కదు. ప్రేమావతి పసుపు వైరు కట్టని తీసుకెళ్ళి బీరువా పక్కన నీలం, ఎరుపు కట్టల మీద పెట్టింది.

ఆ డబ్బులు ఆమె సొంతానికి కాదు. 'ముడి' కోసం.

'ముడి' అంటే వైరు బుట్టలల్లేవాళ్ళు మాట్లాడుకునే చోటు. ఇంటర్నెట్‌లో ఉంది. ప్రేమావతి కూతురు షైని ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, వాళ్ళమ్మ పొద్దస్తమానం ఫోన్లో వినగడపలో ఉన్న రావమ్మ పెద్దమ్మని "అడుగు తిప్పేటప్పుడు మూల ముడి ఎటు లాగాలి" అని అడుగుతుంటే విని విసిగిపోయి, "ఒక్కసారి రాసిపెట్టుకోండే, అందరూ చదువుకుంటారు" అని ఆ సైటు తయారుచేసి ఇచ్చింది. అడిగేవాళ్ళు అడుగుతారు, తెలిసినవాళ్ళు చెబుతారు, ఫోటోలు పెడతారు. అంతే. వాట్సాప్ గ్రూపులు వచ్చాక చాలామంది అక్కడికే వెళ్ళిపోదామన్నారు గానీ, వాట్సాప్‌లో నిన్న చెప్పిన మాట ఇవాళ దొరకదు. 'ముడి'లో అయితే పదేళ్ళ కిందట ఎవరో అడిగిన సందేహం, దానికి రావమ్మ చెప్పగా ప్రేమావతి టైపు చేసిన జవాబు, ఫోటోతో సహా ఇవాళ్టికీ కూర్చుని ఉంటుంది. ఎవరు కొత్తగా వచ్చినా తలుపు తీసినట్టే.

అంగన్‌వాడీ సెంటర్లో పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి, రిజిస్టర్లు రాసి, మీటింగుల్లో మాటలు పడి, సాయంత్రం ఇంటికొచ్చి టీ గ్లాసుతో ఫోన్ ముందు కూర్చుంటే ప్రేమావతికి ఆ రోజు అప్పుడు మొదలైనట్టుండేది. అక్కడామె టీచరమ్మ కాదు, ఆయా లేనప్పుడు చీపురు పట్టే మనిషీ కాదు. ప్రేమక్క. ఖమ్మం నుంచి ఒకావిడ, ఏలూరు నుంచి ఒకావిడ, విస్సన్నపేట నుంచి వ్యాయామం మాస్టారు రాయప్ప గారు, నెమలి నుంచి నర్సు వినీల, అందరూ ప్రేమక్కా అనే పిలిచేవాళ్ళు. రాయప్ప గారు వయసులో పెద్దవాడైనా ఆయనా ప్రేమక్కే అనేవాడు.

మెయిన్ రోడ్డులో ప్లాస్టిక్ సామాను షాపు వెంకటకృష్ణారావు గారి భార్య శ్యామలాదేవి కూడా అక్కడ దొరికిన మనిషే. మూల ముడి లోపలికి తిప్పాలని ప్రేమావతి, బయటికి తిప్పాలని ఆవిడ, మొహాలు తెలియకుండా ఏడాదిపాటు వాదించుకున్నారు. "నువ్వు మొండిదానివక్కా" అని ఆవిడ రాస్తే, "నీ అంత కాదులే" అని ఈమె రాసింది. ఒకరోజు శ్యామల తన బుట్టని షాపు బోర్డు కింద పెట్టి ఫోటో తీసి పెట్టింది. ఆ బోర్డు కింద ప్రేమావతి రోజూ నడిచి సెంటరుకి వెళ్తుంది! మర్నాడే వెళ్ళి కలిసింది. కలిశాక మాత్రం ఇద్దరికీ నోరు బిగుసుకుపోయింది. "రండి రండి, కూర్చోండి" అని శ్యామల, "పర్లేదండీ" అని ప్రేమావతి. అప్పట్నుంచి అంతే. ఫోన్లో నువ్వు, బజార్లో మీరు.

ఇదంతా ఊరికే నడుస్తోందని ప్రేమావతి అనుకునేది. ఆగస్టులో షైని హైదరాబాదు నుంచి ఫోన్ చేసి చెప్పేదాకా ఆమెకి తెలీదు.

"అమ్మా, 'ముడి' ఉండేది వేరేవాళ్ళ కంప్యూటర్లో. దానికి ఏడాదికోసారి అద్దె కట్టాలి. ఇన్నాళ్ళూ నేను కడుతున్నా కాబట్టి చెప్పలేదు. ఫోటోలు ఎక్కువైపోయి ఈసారి పదమూడు వేలు అడుగుతున్నారు. బాబు పుట్టాక నాకు జీతం లేని సెలవు కదా... ఈయన్నెలా అడగను చెప్పు? సెప్టెంబరు నెలాఖరుకి కట్టకపోతే మూసేస్తారు."

"మూసేస్తే?"

"పోతుంది. అన్నీ."

"ఇన్నాళ్ళూ సొంతిల్లనుకున్నానే షైనీ" అంది ప్రేమావతి.

"పాత ఫోటోలన్నీ తీసేస్తే చిన్న ఇల్లు సరిపోతుంది, అద్దె తగ్గుతుంది."

తీసేద్దామనే ప్రేమావతి కూర్చుంది. మొదటి ఫోటో తెరిచింది. వినీల అల్లిన మొదటి బుట్ట. అది బుట్టలా లేదు, తొక్కేసిన చేపల గంపలా ఉంది. కింద వినీల, "నవ్వకండి, మా అమ్మ దీంట్లోనే ఉల్లిపాయలు వేసుకుంటోంది" అని రాసింది. దాని కింద ముప్పై మంది నవ్వారు, ముప్పై మందీ తలో సలహా ఇచ్చారు. ప్రేమావతి దాన్ని తీసేయకుండా రెండోది తెరిచింది. ఆ రాత్రి వంట ఆలస్యమైంది గానీ ఒక్క ఫోటో కూడా పోలేదు.

తర్వాత షైని ప్రకటనలు పెట్టి చూద్దామంది. ఒక వారం పెట్టారు. బుట్టల పక్కన పేకముక్కలు, అప్పులిస్తామనే మొహాలు, పొట్ట తగ్గాలా అని అడిగే ఆడపిల్ల. "నా బుట్ట చూసి నన్ను పొట్ట తగ్గించుకోమంటోందేంటే అది" అని రావమ్మ ఫోన్ చేసి తిట్టింది. వారానికి వచ్చిన డబ్బు చూసి షైనీయే వాటిని తీసేసింది.

అప్పుడు తట్టింది ప్రేమావతికి వేలంపాట సంగతి.

వాళ్ళ చర్చిలో ఏటా కోతపండగ చేస్తారు. ఎవరింట్లో పండింది వాళ్ళు తెస్తారు. గుమ్మడికాయలు, కందులు, కోడిపుంజులు, మామిడి తాండ్ర. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. పాడినవాళ్ళు డబ్బు అక్కడే కానుకల పళ్ళెంలో వేసి, వస్తువు మీద చెయ్యి వేసి "మళ్ళీ పాటకు పెట్టండి" అంటారు. అలా పోయినేడు ఒకే గుమ్మడికాయ ఎనిమిది చేతులు మారింది. చివరికి దాన్ని పాస్టరమ్మ గారు దప్పళం పెట్టి అందరికీ వడ్డించారు. చిన్నప్పట్నుంచీ చూసిన పాట అదొక్కటే. పాటంటే అలాగే ఉంటుందని ప్రేమావతి అనుకుంది. అనుకోవడానికి ఇంకోటి ఆమెకి తెలీదు.

పాటకి వస్తువు కూడా తయారుగా ఉంది. ఎండాకాలంలో సరదాకి మొదలుపెట్టిన బుట్ట. అడుగు ప్రేమావతి అల్లింది. అక్కణ్ణుంచి ఆర్టీసీ పార్సిల్‌లో ఊరూరా తిరిగింది, ఒక్కొక్కళ్ళూ ఒక్కో వరస. పార్సిల్ కౌంటర్లో శాంతయ్యకి తెలిసినవాళ్ళుండబట్టి అదెక్కడా తప్పిపోలేదు. రాయప్ప గారు వాలీబాల్ నెట్లు అల్లిన చెయ్యి కాబట్టి ఆయన వరస ఇనుములా బిగుసుకుంది. సీరియల్ చూస్తూ అల్లే వినీల వరస వదులు. శ్యామల వరస అన్నిటికంటే నున్నగా ఉంది గానీ ఒక ముడి తక్కువ పడింది. చివరికి వినగడప చేరేసరికి బుట్ట ఒక పక్కకి ఒరిగిపోయింది. రావమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పట్టుకోడానికి దానికి రెండు చేతులు కట్టి, "మనుషులే తిన్నగా లేరు, బుట్టకేం పుట్టింది" అని పంపించేసింది. అడుగు అల్లిన మనిషి నుంచి చేతులు కట్టిన మనిషి దాకా, పన్నెండు మంది చెయ్యి పడిన బుట్ట అది.

ఊళ్ళో వినాయక నిమజ్జనాలు అయిన ఆదివారం నాడు 'ముడి'లో పాట పెట్టారు. ఐదువందల దగ్గర మొదలైంది. సాయంత్రానికి ఐదు వేలు దాటింది. ఖమ్మం ఆవిడ ఏడన్నారు, రాయప్ప గారు ఎనిమిదన్నారు. ఉన్నట్టుండి శ్యామల వచ్చి, "పదమూడు వేల నూట పదహార్లు" అని రాసింది. ఆపైన ఎవ్వరూ పాడలేదు. ప్రేమావతి ఒకటోసారి అంది, రెండోసారి అంది, మూడోసారీ అనేసింది.

మర్నాడు పొద్దున్నే శ్యామల, కొత్త చీర కట్టుకుని, మొగుడి స్కూటరెక్కి వచ్చింది. ఇత్తడి పళ్ళెంలో బుట్టని పెట్టుకుని, దానికి ఓ కుంకుమబొట్టు పెట్టి, "వస్తామండీ" అని, స్కూటరు మీద ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిపోయింది. వెంకటకృష్ణారావు గారు వీధి మలుపు దాకా హారన్ కొడుతూనే వెళ్ళాడు.

మళ్ళీ పాటకు పెట్టండి అనలేదు. డబ్బులూ ఇవ్వలేదు.

సాయంత్రం ఇస్తుందనుకుంది ప్రేమావతి. తర్వాత మర్నాడనుకుంది. రెండో పాట ఎప్పుడని చర్చికి వెళ్ళేవాళ్ళు సగంమంది అడగడం మొదలుపెట్టారు. నాలుగు రోజులు చూసి వినీల విడిగా ఫోన్ చేసింది.

"అక్కా, నేను రెండు వేలు తీసి పక్కన పెట్టుకున్నా రెండో పాటకి. ఏమైంది?"

"ఏమో వినీలా. తీసుకెళ్ళారు మరి."

"డబ్బులిచ్చారా?"

"ఇంకా లేదు."

"అయ్యో అక్కా! షాపువాళ్ళు కదా. చేతికొచ్చింది వదులుతారా ఏంటి?"

"నోర్ముయ్" అంది ప్రేమావతి, తనకే తెలియనంత గట్టిగా. "నీ బుట్ట అడుగు ఊడిపోతే వీడియో కాల్లో గంటసేపు కూర్చుని కట్టించింది ఎవరు?"

"అది నిజమేలే అక్కా" అంది వినీల చిన్నబోయి.

అన్నదేగానీ, ఫోన్ పెట్టేశాక ఆ మాట ప్రేమావతిని వదల్లేదు. నిజంగా ఇవ్వదా? ఇవ్వని మనిషి అంత సంబరంగా ఎలా తీసుకెళ్తుంది? పోనీ మర్చిపోయిందా? పదమూడు వేలు మర్చిపోతారా ఎవరైనా? అడిగితే ఏమనుకుంటుంది? అడక్కపోతే నెలాఖరుకి 'ముడి' పోతుంది. అడిగితే శ్యామల పోతుంది. ఇలా నలుగుతూనే మూడుసార్లు షాపుకి వెళ్ళి, మూడు కట్టల వైరుతో తిరిగొచ్చింది.

నాలుగోసారి శాంతయ్య కూడా లేచాడు. "పద, నేనూ వస్తా. నువ్వు మాట్లాడకు, నేనే రైట్ రైట్ అంటా."

"మీరొస్తే నేను రాను."

"అయితే ఇంకో కట్టకి డబ్బులు పట్టుకెళ్ళు."

ఆ పౌరుషం మీద బయల్దేరింది ప్రేమావతి. షాపులో ఎవరూ లేరు. వెంకటకృష్ణారావు గారు కౌంటర్ మీద క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి నవ్వాడు.

"రండి టీచర్ గారూ. ఇవాళ ఆకుపచ్చ చూపించమంటారా? ఇంట్లో ఏమన్నా బుట్టల ఫ్యాక్టరీ పెడుతున్నారా?"

"శ్యామల గారు..."

"లోపలుంది, పిలుస్తా. మా ఇంటి వేళావిశేషం చూడండి, మీ బుట్ట తనకొచ్చింది, మా వీధి లడ్డూ ఈసారీ నాకే వచ్చింది. పోటీకి సిమెంటు షాపాయన వచ్చాడు, నేను తగ్గలేదు. పోయినేటి లడ్డూ డబ్బులు మొన్ననే కట్టేశాను, అప్పు లేదు కాబట్టి ధైర్యంగా పాడాను."

ప్రేమావతి ఆకుపచ్చ వైరు కట్ట వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పోయినేటివి... మొన్న కట్టారా?"

"అంతే కదండీ. లడ్డూ పాట డబ్బులు ఏడాది తర్వాతే కదా కట్టేది! ఇవాళ పాడతాం, ఇంటికి తెచ్చుకుంటాం, నలుగురికీ పంచుతాం. వచ్చే చవితికి ముందు కట్టేస్తాం. వెంటనే ఇస్తానన్నా కమిటీవాళ్ళు తీసుకోరు. కలిసొచ్చాక ఇద్దురుగానిలెండి అంటారు."

ప్రేమావతి అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, వినీలని ఇంకో రెండు తిట్టాలనిపించింది. తనని తాను కూడా.

లోపల్నుంచి శ్యామల వచ్చింది. "అయ్యో, ఎప్పుడొచ్చారు? అలా ఉన్నారేంటండీ? మజ్జిగ తాగుతారా?"

"లోపలికి రావచ్చా ఒక్క నిమిషం?" అంది ప్రేమావతి.

షాపు వెనక గదిలో, బకెట్లూ టబ్బులూ పేర్చిన గోడ పక్కన, చెక్కబల్ల మీద బుట్ట ఉంది. ఒరిగి, కిందున్న చాపలోకి చూస్తున్నట్టుంది. దాన్నిండా అరటిపళ్ళు.

"పంచడానికి తెచ్చాను" అంది శ్యామల, ఆమె చూపు చూసి. "లడ్డూ అయితే ముక్కలు చేసి పంచుతాం. బుట్టని ముక్కలు చెయ్యలేం కదా! అందుకని రోజూ ఒక వీధి. పళ్ళు పెట్టుకెళ్ళి, ఇది నేను పాడాను, పన్నెండు మంది అల్లారు అని చెబుతున్నా. ఇద్దరు ముగ్గురు నేర్చుకుంటామన్నారు కూడా."

ప్రేమావతి చాప మీద కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, గుమ్మడికాయ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. కోతపండగ, కానుకల పళ్ళెం, మళ్ళీ పాటకు పెట్టడం, ఎనిమిది చేతులు మారడం, దప్పళం. శ్యామల బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నది.

"అంటే డబ్బులూ ఇచ్చేసి, వస్తువూ ఇచ్చేస్తారా?"

"ఊఁ."

"రెండూ ఇచ్చేసి ఇంటికి ఏం పట్టుకెళ్తారండీ?"

"ఏం పట్టుకెళ్ళరు. అంతే" అంది ప్రేమావతి.

శ్యామల పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగిపోయింది. "అంటే... అందరూ నా కోసం చూస్తున్నారా? డబ్బులు వెంటనే కావాలా?"

"ఈ నెలాఖరుకి."

శ్యామల మొహంలో రంగు మారింది. లేచి వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసింది. మొగుడికి వినపడనంత మెల్లగా చెప్పింది.

"నా దగ్గర లేవండీ. ఏడాది టైముందని పాడాను. నెలకి రెండు మూడు బుట్టలల్లి అమ్మితే వచ్చే చవితికి అయిపోతాయని లెక్క వేసుకున్నా. గల్లాపెట్టెలో తీసి ఇమ్మంటే ఆయన ఇప్పుడే ఇస్తారు, కాదనరు. కానీ ఇంట్లో ప్రతిదీ ఆ గల్లాపెట్టెలోంచే వచ్చింది. ఈ గాజులూ అందులోంచే, ఈ చీరా అందులోంచే. ఈ బుట్టొక్కటి నేను పాడుకున్నది. నేనే కట్టాలనుకున్నా."

"అడగొద్దు ఆయన్ని" అంది ప్రేమావతి వెంటనే.

"మరి 'ముడి' పోతుంది కదా!"

ఇద్దరూ బుట్ట వంక చూశారు. బయట వెంకటకృష్ణారావు గారు ఎవరికో కుర్చీల రేటు చెబుతున్నాడు. శ్యామల అరటిపళ్ళు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. ఖాళీ అయిన బుట్టని ఒళ్ళో పెట్టుకుని, తన వరస మీద వేలు పెట్టి, ముడులు తడుముతూ పోయింది. తక్కువ పడిన చోట వేలు ఆగింది.

"వాళ్ళు తిరిగి ఇచ్చేస్తారని గ్యారంటీయేనా?" అంది.

"ఎవరు?"

"మీవాళ్ళే. రెండో పాట పాడేవాళ్ళు. ఎవరన్నా నిజంగా ఉంచేసుకుంటేనో?"

"ఉంచేసుకోవచ్చు" అంది ప్రేమావతి. అబద్ధం చెప్పలేక. "అది వాళ్ళిష్టం. చర్చివాళ్ళు కాని వాళ్ళు కూడా ఉన్నారుగా."

శ్యామల బుట్టని ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత ఫోన్ తీసింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసింది. ఆమె పంపించేదాకా ప్రేమావతి చూడలేదు. తన ఫోన్ మోగాక చూసింది. 'ముడి'లో, ఆగిపోయిన పాట కింద, శ్యామల పేరుతో ఉంది: "నాకు పద్ధతి తెలీదు. క్షమించండి. మళ్ళీ పాటకు పెట్టండి."

రాయప్ప గారు అప్పటిదాకా ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాడేమో. నిమిషంలో "మూడు వేలు" అన్నాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. "మళ్ళీ పాటకు పెట్టండి" అన్నాడు. వినీల రెండు వేలు పాడింది. మళ్ళీ పాటకు పెట్టండి అంది. ఏలూరు ఆవిడ, సత్తుపల్లి అక్కాచెల్లెళ్ళు. బజారు చీకటి పడుతోంది. షాపులో లైట్లు వేశారు. ఇద్దరూ ఆ వెనక గదిలోనే, బుట్టని మధ్యలో పెట్టుకుని, చెరో ఫోనూ పట్టుకుని కూర్చున్నారు.

నాలుగు వేలకి ఖమ్మం ఆవిడ గెలిచింది. గెలిచి, ఏమీ రాయకుండా ఊరుకుంది.

శ్యామల బుట్ట చేతిని గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి ఖమ్మం ఆవిడ రాసింది: "ఇదేంటండీ, గెలిచినవాళ్ళందరూ వదిలేస్తున్నారు? ఎవరన్నా కాస్త చెప్పండి." వినీల కోతపండగ గురించి పెద్ద ఉత్తరమంత రాసింది. రాయప్ప గారు గుమ్మడికాయ ఫోటో పెట్టాడు. ఖమ్మం ఆవిడ అంతా చదివి, "బాగుందండీ ఇది. మా అపార్ట్‌మెంట్లో కూడా పెట్టిస్తాను. సరే, మళ్ళీ పాటకు" అంది.

ప్రేమావతి మనసులో కూడుకుంటూనే ఉంది. పదమూడుకి ఇంకా కాస్త తక్కువ. అప్పుడు వినగడప నుంచి రావమ్మ ఫోన్.

"ఏమే ప్రేమా, నన్నెవరూ పాడమనరేం? ముసలిదాని దగ్గరేముంటాయిలే అనా?"

"అదేం లేదు పెద్దమ్మా, నువ్వు పడుకున్నావేమోనని."

"పడుకుంటే ఫోనెలా చేస్తా? రాయి. ఐదొందలు. నన్ను దాటి ఎవరన్నా పాడారంటే ఊరుకోనని కూడా రాయి."

ప్రేమావతి ఉన్నదున్నట్టు రాసింది. ఎవ్వరూ దాటలేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి.

"నాకే వచ్చిందా?" అంది రావమ్మ.

"నీకే వచ్చింది పెద్దమ్మా."

"మళ్ళీ పాటకి పెట్టను. చాల్లే ఇంక, దాన్ని ఎంతమంది లాగుతారు. ఆ షాపు పిల్లకి ఇచ్చెయ్. బొట్టు పెట్టి తీసుకెళ్ళిందంటగా? తీసుకెళ్ళినదాన్ని తిరిగి తీసుకుంటే బాగోదు."

ఫోన్ స్పీకర్లో ఉంది. షాపు పిల్లకి మొన్నే యాభై దాటాయి. అరటిపళ్ళన్నీ గబగబా మళ్ళీ బుట్టలో వేసేసింది, ఎవరో లాక్కుంటారన్నట్టు.

"ఇంకో వందో రెండొందలో తక్కువ ఉన్నట్టున్నాయి" అంది ప్రేమావతి. "నేను వేస్తాలే."

"మరి నా పదమూడు వేల నూట పదహార్లు?"

"అవెందుకిప్పుడు? అయిపోయింది కదా."

"అదేం కుదరదు. పాడింది పాడిందే. వచ్చే చవితికి కడతా. వచ్చే ఏడు అద్దె నాది" అంది శ్యామల. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ కోపంగా ప్రేమావతి భుజం మీద ఒక్కటి వేసింది. "మొద్దుదానా! వారం రోజులు వైరు కొనుక్కుంటూ తిరిగావా? నన్నొక్క మాట అడగలేకపోయావా నువ్వు?"

"నువ్వు మజ్జిగ తాగుతారా అని అడుగుతుంటే డబ్బులెలా అడగను" అంది ప్రేమావతి.

తలుపు తోసుకుని వెంకటకృష్ణారావు గారు తల లోపలికి పెట్టాడు. "ఏంటి, కొట్టుకుంటున్నారా?"

"మీకెందుకు, మీరు కుర్చీలమ్ముకోండి" అంది శ్యామల.

ప్రేమావతి ఇంటికెళ్ళేసరికి వీధిలైట్లు వెలిగాయి. శాంతయ్య గుమ్మంలోనే ఉన్నాడు. ఆమె ఖాళీ చేతులు చూసి లేచి నిలబడ్డాడు.

"వైరు లేదు! అంటే అడిగావన్నమాట."

"అడగలేదు."

"మరి?"

"రేపు షైనికి పంపిస్తున్నాం. అన్నం తింటూ చెబుతా. గుమ్మడికాయ దగ్గర్నుంచి చెప్పాలి."

అన్నం తిన్నాక ఆమె మూడు వైరు కట్టలూ ముందేసుకుని కూర్చుంది. వచ్చే ఏడు పాటకి వస్తువు కావాలి కదా. నీలంతో అడుగు మొదలుపెట్టింది. మూల దగ్గరికొచ్చేసరికి ఆగి, ఫోటో తీసి 'ముడి'లో పెట్టింది: "కొత్త బుట్ట. మొదటి వరస శ్యామలకి. ఈసారి ముడులు లెక్కపెట్టుకో."

జవాబు వెంటనే వచ్చింది.

"ముందు నువ్వు ఆ మూల ముడి బయటికి తిప్పు. పదేళ్ళయింది చెప్పబట్టి."

ప్రేమావతి ముడి వంక చూసుకుంది. నవ్వుకుంటూ లోపలికే తిప్పింది.